చేప రక్తకణాలు పగిలింది సీసం వల్లేనా?

విశాఖలో మేఘాద్రిగెడ్డ వాగు ఓడరేవులో కలిసే చోట పట్టిన తిలాపియా చేపల రక్తాన్ని చెరువు తిలాపియాల రక్తంతో పోల్చారు. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) ఉన్న గొట్టాల్లో తీసిన ఆ ఓడరేవు చేపల రక్తంలో కణాలు పగిలి, కేంద్రకాలు వంకరపోయి ఉన్నాయి. ఇది సీసం, కాడ్మియం పనేనని రాయొచ్చా అని అడిగారు.

ఇప్పుడే రాయకండి. ముందు అనుమానించాల్సింది ఈడీటీఏని. చాలా చేప జాతుల్లో అదే ఎర్ర కణాలను పగలగొడుతుంది. దాని బదులు హెపారిన్‌కి మారండి. సిరంజిని దాంతో తడిపి తోక సిర నుంచి మెల్లగా లాగండి. గొట్టంలో వదిలేముందు సూది తీసేయాలి, సూదిలోంచి చిమ్మితే కణాలు చితుకుతాయి.

విశాఖ ఉక్కపోతలో స్మియర్ (స్లయిడ్ మీద పలచగా పూసిన రక్తం) తొందరగా ఆరదు. నిదానంగా ఆరితే కణాల్లో మెరిసే గుంటలు పడతాయి, చాలామంది వాటినే లోహం చేసిన నష్టమని ఫొటో తీసి పెడతారు. ఫ్యాన్ కింద వెంటనే ఆరబెట్టి, మిథనాల్‌లో 10 నిమిషాలు ఉంచండి. మిథనాల్ తేమ పీల్చుకుంటుంది, సీసా మూత తెరిచి వదలొద్దు. తర్వాత పీహెచ్ 6.8 బఫర్‌లో 10 శాతం గీమ్సా రంగు, 20 నుంచి 30 నిమిషాలు.

వంకర కేంద్రకాల కన్నా మైక్రోన్యూక్లియస్ (జన్యుపదార్థం దెబ్బతిన్నప్పుడు పెద్ద కేంద్రకం పక్కన ఏర్పడే బుల్లి కేంద్రకం) గట్టి సాక్ష్యం. అది పెద్ద కేంద్రకంలో మూడో వంతుకు మించకూడదు, దానికి అంటుకోకూడదు, రంగూ ఫోకస్ మట్టమూ రెండింటికీ ఒకటే కావాలి. ఫోకస్ కొద్దిగా తిప్పగానే తళుక్కుమంటే అది గీమ్సా రేణువు. ఆరోగ్యమైన చేపలో ఇవి వెయ్యి కణాలకు ఒకటో రెండో ఉంటాయి, ఒక్కటీ లేకపోవచ్చు కూడా. అందుకే 200 కణాల లెక్కతో ఏమీ తేలదు. చేపకు 2000 లెక్కపెట్టండి. స్లయిడ్లకు నంబర్లు వేరొకరితో వేయించండి, ఏది ఎక్కడిదో మీకు తెలియకూడదు.

సీసం జాడ కోసమైతే అలాడ్ ఎంజైమ్ కొలవండి. హీమ్ (హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) తయారీలో రెండో మెట్టు అది. సీసం దానిలోని జింకును తోసేస్తుంది కాబట్టి, హీమోగ్లోబిన్ తగ్గకముందే దాని పని పడిపోతుంది. కాడ్మియంకి మూత్రపిండంలో పేరుకున్న లోహాన్ని కొలవాలి. చేపలకు రక్తం పుట్టేదీ ప్రధానంగా అక్కడే.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వాటా) మామూలుగా ఉందని రక్తహీనత లేదనుకోవద్దు. వలలో గింజుకున్న చేపకు ప్లీహం దాచిన కణాలను రక్తంలోకి వదులుతుంది, కణాలు కూడా ఉబ్బుతాయి. రెండు చోట్లా ఒకే వల, పట్టాక ఒకే వ్యవధి పాటించండి.

అన్నిటికన్నా నాకు అభ్యంతరం చెరువుతో పోల్చడం. నీటి ఉప్పదనం మారినా చాలు, కణాల పరిమాణం మారిపోతుంది. భీమిలి దగ్గర గోస్తనీ మొగలో అంతే ఉప్పదనం ఉన్న చోటు వెతకండి. అక్కడి నీటినీ మట్టినీ ఏఏఎస్‌లో (లోహాల మోతాదు చెప్పే యంత్రం) కొలిచి, లోహాలు తక్కువని తేలాకే ఆ చేపలను పోలికకు తీసుకోండి.