ఛాసిస్‌కి మందపాటి ప్లేటు వేయిస్తే బలమేనా?

ప్రశ్న: మా తాతగారి 1966 మోడల్ స్టాండర్డ్ హెరాల్డ్ కారు చాలా ఏళ్లుగా షెడ్డులోనే ఉంది, ఇప్పుడు బాగు చేయిస్తున్నాను. బాడీ విప్పి చూస్తే ఛాసిస్ నుంచి పక్కలకి చాచి బాడీని మోసే అవుట్‌రిగ్గర్లు తుప్పు పట్టి గుల్లయిపోయాయి, మధ్య దూలాలు రెండూ ఫర్వాలేదు, ఒక్కచోట మాత్రం రేకు పలచబడింది. వెల్డరేమో ఆరు మిల్లీమీటర్ల ప్లేటు పెట్టి చుట్టూ ఆర్క్ వెల్డింగ్ కొట్టేస్తా, మీ మనవలు కూడా చూసుకోనక్కర్లేదు అంటున్నాడు. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఒప్పుకోకండి. ఆయన చెయ్యి మంచిదే కావచ్చు గానీ ఆ లెక్క లారీలకి. హెరాల్డ్‌ది పలచటి రేకు మడిచి చేసిన పెట్టె ఛాసిస్, తుప్పు లేని చోట వెర్నియర్ పెట్టి కొలిస్తే మీకే తెలుస్తుంది, రెండు మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. దానికి ఆరు మిల్లీమీటర్ల ప్లేటు అతికిస్తే ఆ ముక్క వంగదు, పక్కనున్న పాత రేకు మాత్రం గుంట వచ్చినప్పుడల్లా వంగుతుంది, ఊగులాటంతా ప్లేటు అయిపోయే గీత దగ్గరే పడుతుంది కాబట్టి కొన్నాళ్లకి సరిగ్గా వెల్డింగ్ పక్కనే చీలిక వస్తుంది. అప్పుడు తప్పు పాత ఛాసిస్ మీదకి నెడతారు!

గుల్లయిన అవుట్‌రిగ్గర్ల మీద అతుకులు వేయకండి. సుత్తితో కొట్టి చూసి, ఖంగుమనే మంచి రేకు దాకా కోసేసి, అదే మందంలో, అదే ఆకారంలో కొత్తవి చేయించండి. మధ్య దూలానికి పట్టీ అవసరమే, కానీ పాత రేకంత మందం చాలు. దాని చివరలు నిలువుగా కోయకుండా చేప మూతిలా కోణంగా కోయండి, పైఅంచుకీ కిందిఅంచుకీ అడ్డంగా వెల్డింగ్ గీత రానివ్వకండి. దూలం వంగేటప్పుడు ఎక్కువ లాగుడు, ఎక్కువ నొక్కుడు పడేది ఆ రెండు అంచుల మీదే, మధ్య గోడ మీద తక్కువ.

ఇంతకన్నా ముఖ్యమైంది కొలత. నేను మొదట్లో ఒక బండికి ఫ్లోరు వెల్డింగ్ చేసినప్పుడు డోర్ ఖాళీలకి అడ్డంగా యాంగ్లర్లు (ఎల్ ఆకారపు ఇనుప బద్దలు) టాకాలతో, అంటే చిన్న చుక్క వెల్డింగ్‌తో, బిగించుకోకుండా మొదలుపెట్టాను, పని అయ్యాక చూస్తే ఎడమ డోరు పడితే ఒట్టు. వేడికి రేకు సాగుతుంది, చల్లారేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాక్కుంటుంది. అందుకని ఛాసిస్‌ని సమంగా ఉన్న నేల మీద స్టాండ్లపై పెట్టి, మూల నుంచి మూలకి రెండువైపులా కొలిచి రాసుకోండి, ఒక అంగుళం వెల్డింగ్ ఇటు చేస్తే తర్వాతి అంగుళం అటు చేయించండి, మధ్యమధ్యలో మళ్లీ కొలవండి. వెల్డరు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి, మధ్యలో ఒక టీ ఎక్కువ ఇప్పించండి. మిగ్ వెల్డింగ్ (సన్న తీగ దానంతటదే వచ్చే రకం) దొరికితే అదే చేయించండి, ఆర్క్‌తో ఇంత పలచటి రేకు కన్నం పడకుండా అతకడం అందరి వల్లా కాదు.

పెట్రోల్ ట్యాంక్ డిక్కీలో ఉంటుంది, దాన్ని దూరంగా పెట్టించండి. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు, లోపలి ఆవిరి వల్ల ఖాళీదే ఎక్కువ ప్రమాదం. బ్యాటరీ కూడా తీసేయండి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, వెల్డింగ్ అయ్యాక పెట్టె లోపల మైనం కలిసిన తుప్పు మందు కొట్టించకపోతే ఈ డబ్బంతా మళ్లీ తుప్పుకే. నీళ్లు బయటికి పోవడానికి ఉంచిన కన్నాలు పుట్టీతో మూసేయకండి.

ఇంకో మాట. 50 ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ కింద 'వీఏ' నంబరు ఇచ్చే నిబంధన 2021లో వచ్చింది, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలని దాని షరతు. ఆ ఆలోచన ఉంటే ప్రతి దశలో ఫొటోలు తీసి పెట్టుకోండి, ఛాసిస్ నంబరున్న చోటుకి గ్రైండర్ వెళ్లనివ్వకండి.

ప్రశ్న: నా అంబాసిడర్‌కి కూడా ఇలాగే బాడీ ఎత్తి ఛాసిస్ గట్టిపరచాలని మా మెకానిక్ అంటున్నాడు. ఎంత ఖర్చవుతుంది?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఎత్తడానికి కింద వేరే ఛాసిస్ ఉంటే కదా! అంబాసిడర్ వచ్చింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి, అందులో బాడీయే ఛాసిస్. డోర్ల కింద పొడవునా ఉండే పెట్టెలే బరువు మోస్తాయి, చూడాల్సింది వాటినే. ఎడమది పూర్తిగా అతికాకే కుడిది కోయించండి, డోర్ ఖాళీలకి అడ్డ యాంగ్లర్లు మాత్రం ముందే వేయించండి. ఖర్చు మాట తర్వాత, ముందు మెకానిక్‌ని మార్చండి.