డన్‌లప్ ఫీనిక్స్ గోల్ఫ్ విజేతలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: జపాన్‌లో ఏటా నవంబరులో జరిగే డన్‌లప్ ఫీనిక్స్ గోల్ఫ్ టోర్నమెంటు గత విజేతల పట్టికను ఈమధ్య చూశాను. జపాన్ పోటీ అన్న మాటే గానీ మొదటి పదేళ్లలో ఒక్క జపానీయుడి పేరూ లేదు. అచ్చు తప్పా, లేక దీనికి వేరే కారణం ఉందా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అచ్చు తప్పు కాదు. 1974లో మొదలైన ఈ పోటీని ఒక జపాన్ ఆటగాడు గెలవడానికి 1985 దాకా, అంటే పన్నెండో పోటీ దాకా, పట్టింది. ఆ ఏడాది సునెయుకి నకజిమా గెలిచేలోపు జరిగిన పదకొండు పోటీల్లో అమెరికన్లు ఏడు, స్పెయిన్ ఆటగాడు సెవే బాలెస్టెరోస్ రెండు, ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహమ్ మార్ష్ ఒకటి, తైవాన్‌కు చెందిన చెన్ త్సె-మింగ్ ఒకటి గెలుచుకున్నారు. (గ్రాహమ్ మార్ష్ మరెవరో కాదు, మన క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన వికెట్ కీపర్ రాడ్ మార్ష్‌కు అన్న.)

కారణం పోటీని నడిపిన తీరులోనే ఉంది. డన్‌లప్ అనగానే మనకు టైర్లు గుర్తుకు వస్తాయి గానీ, జపాన్‌లో ఆ పేరుతో టైర్లు అమ్మే సుమిటోమో రబ్బర్ సంస్థ గోల్ఫ్ బంతులూ, క్లబ్బులూ కూడా తయారు చేస్తుంది. 1970ల్లో జపాన్‌లో గోల్ఫ్ మోజు ఊపందుకున్నప్పుడు, ప్రపంచంలోని పేరున్న ఆటగాళ్లను తమ గడ్డ మీదికే రప్పించి జపాన్ ప్రేక్షకులకు చూపించాలన్నది నిర్వాహకుల పట్టుదల. అమెరికా సీజన్ అప్పట్లో శరదృతువుకే ముగిసిపోయేది కాబట్టి, నవంబరులో అక్కడి ఆటగాళ్లకు తీరిక ఉండేది. వారిని రప్పించడానికి బహుమతి సొమ్ముతో పాటు ఆహ్వాన రుసుము ఇచ్చే ఆనవాయితీ కూడా జపాన్‌లో ఉంది. వేదిక క్యూషూ ద్వీపపు తూర్పు తీరంలోని మియజాకిలో ఉన్న ఫీనిక్స్ కంట్రీ క్లబ్. జపాన్‌లో చాలా భాగం చలికి వణకడం మొదలుపెట్టే రోజుల్లో కూడా అక్కడ వెచ్చగానే ఉంటుంది. ఒకప్పుడు కొత్త దంపతులు హనీమూన్‌కు వరస కట్టిన ఊరది. ఫీనిక్స్ అన్న పేరు అక్కడ విరివిగా కనిపించే ఒక జాతి ఖర్జూరపు చెట్టుది.

అలా మొదటి పోటీకే జానీ మిల్లర్ వచ్చి గెలిచాడు. ఆ ఒక్క ఏడాదిలోనే అతను అమెరికా టూర్‌లో (అక్కడ ఏడాది పొడవునా జరిగే ప్రొఫెషనల్ పోటీల వరసలో) ఎనిమిది టైటిళ్లు గెలిచి ఉన్నాడు. 1977లో గెలిచిన బాలెస్టెరోస్‌కు అప్పటికి ఇరవై ఏళ్లే. అదే ఏడాది జపాన్ ఓపెన్‌నూ అతనే గెలుచుకున్నాడు.

ఆ తొలినాటి పేర్లలో నాకు ఎక్కువ ఇష్టమైనది 1982 విజేత కాల్విన్ పీట్. చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడి మోచేయి విరగడంతో అతని ఎడమ చేయి జీవితాంతం పూర్తిగా చాపడానికి రాలేదు. గోల్ఫ్ నేర్పే వారందరూ ఎడమ చేయి నిటారుగా ఉంచమనే మొదటి పాఠంగా చెబుతారు. ఇరవై మూడేళ్లు దాటాక క్లబ్ పట్టిన ఈ నల్లజాతి అమెరికన్, ఆ వంగిన చేతితోనే, టీ (తొలి దెబ్బ కొట్టే చోటు) నుంచి బంతిని ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారి) మీదే నిలపడంలో వరసగా పదేళ్లు అమెరికా టూర్‌లో అందరికన్నా ముందున్నాడు. ఫీనిక్స్ కోర్సులో హోల్స్‌కు (బంతిని గుంట దాకా కొట్టుకుంటూ పోయే దారులకు) ఇరువైపులా సముద్రపు గాలిని ఆపడానికి పెంచిన పైన్ చెట్లు గోడల్లా నిలబడి ఉంటాయి. బంతి పక్కకు పోయిందంటే చెట్ల మొదళ్ల మధ్య వెతుక్కోవలసిందే. అలాంటి చోట పీట్ గెలవడంలో నాకు ఆశ్చర్యమేమీ కనిపించదు.

ఇప్పుడు పట్టిక రూపు మారింది. అమెరికా టూర్ తన క్యాలెండర్‌ను నవంబరు మీదికి కూడా సాగదీయడం, 2020లో కోవిడ్ ఆంక్షలు, వీటన్నిటికీ మించి జపాన్ ఆటగాళ్ల స్థాయి పెరగడం ఇందుకు కారణాలు. 2018 నుంచి 2023 దాకా జరిగిన ఆరు పోటీల్లో, 2021లో గెలిచిన కొరియా సంతతి అమెరికన్ చాన్ కిమ్‌ను మినహాయిస్తే, మిగిలిన అయిదూ జపానీయులవే. వారిలో 2022 విజేత కజుకి హిగా ఎత్తు 158 సెంటీమీటర్లు మాత్రమే. ఆ ఏడాది జపాన్ టూర్ సంపాదనలో మొదటి స్థానం కూడా అతనిదే. 2024లో మళ్లీ ఒక అమెరికన్, మాక్స్ మెక్‌గ్రీవీ, గెలిచాడు.

ప్రశ్న: టైగర్ వుడ్స్ ఈ టోర్నమెంటును మూడుసార్లు గెలిచాడని మా మిత్రుడు అంటాడు, రెండుసార్లే అని నేనంటాను. పందెం కాశాం. తీర్పు చెప్పండి.
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: పందెం మీదే. అయితే మీ మిత్రుడు ఎందుకు పొరబడ్డాడో కూడా చెప్పాలి. వుడ్స్ 2004లో ఎనిమిది స్ట్రోక్‌ల తేడాతో (అంటే రెండోవాడికన్నా ఎనిమిది దెబ్బలు తక్కువ కొట్టి), ఎదురన్నదే లేకుండా గెలిచాడు. 2005లో మాత్రం 2002 విజేత కనామె యోకోవో అతన్ని ప్లేఆఫ్ (స్కోర్లు సమమైనప్పుడు విజేతను తేల్చే అదనపు ఆట) దాకా లాక్కెళ్లాడు. అక్కడ వుడ్స్ నెగ్గాడు. 2006లో మూడోసారి వచ్చేనాటికి అతను అమెరికా టూర్‌లో వరసగా ఆరు టోర్నమెంట్లు గెలిచి ఉన్నాడు. మళ్లీ ప్లేఆఫ్ వచ్చింది. ఈసారి రెండో అదనపు హోల్‌లో ఐర్లండ్ ఆటగాడు పాడ్రిగ్ హారింగ్టన్ చేతిలో ఓడిపోయాడు. మీ మిత్రుడి లెక్కలో ఉన్న మూడోది బహుశా ఇదే.

ఆ రోజు గెలిచి ఉంటే వుడ్స్ ఒక్కరి సరసన నిలిచేవాడు. ఆ ఒక్కరు మసాషి ఓజాకీ, జపాన్ జనమంతా 'జంబో' అని పిలుచుకున్న మనిషి. 1994, 1995, 1996 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు ఫీనిక్స్ గెలిచింది అతనొక్కడే. బాలెస్టెరోస్, టామ్ వాట్సన్, బాబీ వాడ్కిన్స్, లారీ మైజ్, థామస్ బ్యోర్న్, వుడ్స్, ల్యూక్ డొనాల్డ్, బ్రూక్స్ కెప్కా వంటివారందరూ రెండు దగ్గరే ఆగారు. ఓజాకీ మొదట ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటగాడు, ఫుకుఓకా జట్టుకు బంతులు విసిరినవాడు. ఆ ఆటలో నిలదొక్కుకోలేక గోల్ఫ్‌లోకి వచ్చి, జపాన్ టూర్‌లోనే 94 టైటిళ్లు పోగేశాడు. 1996 ఫీనిక్స్ గెలుపు అతని వృత్తి జీవితంలో నూరవ విజయం. అప్పటికి అతని వయసు 49 ఏళ్లు. విదేశీ గడ్డ మీద మేజర్ (మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్, పీజీఏ చాంపియన్‌షిప్ అనే నాలుగు అగ్ర పోటీల్లో ఒకటి) గెలవలేదని అతన్ని తక్కువ చేసి మాట్లాడేవారు ఉన్నారు. విదేశీ దిగ్గజాల కోసమే ఏర్పాటైన పోటీలో వారినే మూడేళ్లు వరసగా వెనక్కి నెట్టినవాడి విషయంలో ఆ మాట అన్యాయమని నా అభిప్రాయం.

ప్రశ్న: ఇక్కడ గెలిచినవారు తరువాత తప్పకుండా మేజర్ గెలుస్తారని ఒక వ్యాఖ్యాత అనగా విన్నాను. నిజమా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 'తప్పకుండా' అన్న మాటను తీసేస్తే కొంత నిజమే. ఎర్నీ ఎల్స్ 1993 నవంబరులో ఇక్కడ గెలిచి, మరుసటి జూన్‌లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. హారింగ్టన్ పైన చెప్పిన విజయం తరువాత ఎనిమిది నెలలకే బ్రిటిష్ ఓపెన్ అందుకున్నాడు. కెప్కా 2016 నవంబరులో గెలిచి, 2017 జూన్‌లో యూఎస్ ఓపెన్ నెగ్గి, అదే నవంబరులో మియజాకికి తిరిగి వచ్చి తొమ్మిది స్ట్రోక్‌ల తేడాతో టైటిల్ నిలుపుకున్నాడు. 2014లో గెలిచిన హిడెకి మత్సుయామా మాత్రం 2021 మాస్టర్స్ దాకా ఆగవలసి వచ్చింది.

అయితే ఇదే పట్టికలో లీ వెస్ట్‌వుడ్, ల్యూక్ డొనాల్డ్ ఉన్నారు. ఇద్దరూ ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు అందుకున్నవారే, ఇద్దరికీ మేజర్ దక్కలేదు. డేవిడ్ డువాల్ కథ పూర్తిగా తలకిందులు: 2001 జులైలో బ్రిటిష్ ఓపెన్, నవంబరులో ఫీనిక్స్ గెలిచాడు, ఆ తరువాత టూర్‌లో మరో టైటిల్ గెలవనే లేదు. ఇక బాబీ వాడ్కిన్స్ అన్నింటికీ అతీతుడు. అన్న లానీ మేజర్ విజేత. బాబీ అమెరికా టూర్‌లో ఏళ్ల తరబడి ఆడి, ఆరుసార్లు రెండో స్థానంలో నిలిచి, ఒక్కసారీ గెలవలేకపోయాడు. మియజాకిలో మాత్రం 1979లో ఒకసారి, 1986లో ఇంకోసారి నెగ్గాడు. టామ్ వాట్సన్‌కూ ఈ ఊరితో ఇలాంటి బంధమే ఉంది: అతని రెండు విజయాల మధ్య దూరం పదిహేడేళ్లు, 1980, 1997.

ప్రశ్న: 2023లో ఒక అమెచ్యూర్ (ఆటను వృత్తిగా చేసుకోని ఆటగాడు) గెలిచాడట. మరి బహుమతి సొమ్ము ఎవరికి ఇచ్చారు?
— ఒక విద్యార్థి, వరంగల్లు

జవాబు: గెలిచింది యుటా సుగియురా, అప్పటికి నిహోన్ విశ్వవిద్యాలయ విద్యార్థి. జపాన్ టూర్ చరిత్రలో అమెచ్యూర్‌గా టైటిల్ గెలిచిన ఏడో ఆటగాడు అతను. విజేతకు దక్కే 4 కోట్ల యెన్లను అమెచ్యూర్ తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి, ఆ మొత్తం ప్రొఫెషనల్ ఆటగాళ్లలో అందరికన్నా పైన నిలిచిన వ్యక్తికి వెళ్తుంది. కప్పు సుగియురాకు, సొమ్ము రెండో స్థానంలో ఉన్నవాడికి.

ప్రశ్న: ఈ పట్టికలో భారతీయులు ఉన్నారా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఫీనిక్స్ విజేతల్లో లేరు. జపాన్ టూర్ విజేతల్లో ఉన్నారు. 2006లో హారింగ్టన్ మియజాకిలో వుడ్స్‌ను ఓడించిన మరుసటి వారమే, షికోకు ద్వీపంలోని కోచిలో జరిగిన కాసియో వరల్డ్ ఓపెన్‌ను పరుగు వీరుడు మిల్కా సింగ్ కుమారుడు జీవ్ మిల్కా సింగ్ గెలిచాడు. సీజన్ ముగింపు పోటీ అయిన గోల్ఫ్ నిప్పన్ సిరీస్‌లో ఆ ఏడాది విజేతలకూ, సంపాదనలో ముందున్నవారికీ మాత్రమే ప్రవేశం ఉంటుంది. ఆ తరువాతి వారం టోక్యోలో అదీ అతనే గెలిచాడు. 2008లో సెగా సామీ కప్‌తో పాటు ఆ ముగింపు పోటీని మళ్లీ గెలుచుకున్నాడు. పదేళ్ల తరువాత, 2018 ఏప్రిల్‌లో, కోల్‌కతాకు చెందిన రాహిల్ గంగ్జీ ఒసాకాలో పానాసోనిక్ ఓపెన్ గెలిచి ఆ వరసలో చేరాడు.