వర్డ్‌లో ఆ చిన్న బటన్ల వరస ఎక్కడ?

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో వర్డ్ 365 ఉంది. పాతదాంట్లో పైన వరసగా పెట్టుకున్న చిన్న బటన్లు ఇందులో లేవు. క్విక్ ప్రింట్, ఫార్మాట్ లేకుండా పేస్ట్ చేసే బటన్ రోజూ వాడతాను. ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: దాన్ని క్విక్ యాక్సెస్ టూల్‌బార్ అంటారు. 2021లో ఆఫీస్ రూపురేఖలు మార్చాక మైక్రోసాఫ్ట్ దాన్ని మొదట్లో కనిపించకుండా దాచేస్తోంది. రిబ్బన్ (పైన బటన్లన్నీ ఉండే వెడల్పాటి పట్టీ) మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, 'షో క్విక్ యాక్సెస్ టూల్‌బార్' నొక్కండి. రిబ్బన్‌లో ఉన్న బటనైతే దాని మీదే రైట్ క్లిక్ చేసి 'యాడ్ టు క్విక్ యాక్సెస్ టూల్‌బార్' అంటే చాలు.

మీరడిగిన రెండు బటన్లూ అలా రావు. ఫైల్, ఆప్షన్స్, క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లోకి వెళ్లండి. ఎడమవైపు జాబితా పైన 'పాపులర్ కమాండ్స్' అని ఉంటుంది. క్విక్ ప్రింట్ అందులోనే ఉంటుంది. పేస్ట్ బటన్‌నూ అందులోనే వెతికి, దొరకలేదని వదిలేస్తారు చాలామంది. దాన్ని 'ఆల్ కమాండ్స్'గా మార్చి, 'పేస్ట్ అండ్ కీప్ టెక్స్ట్ ఓన్లీ' ఎంచుకుని యాడ్ నొక్కండి. కుడివైపు బాణాలతో దాన్ని మొదటి స్థానానికి తెచ్చుకోండి. ఇక ఆల్ట్ నొక్కి 1 కొడితే చాలు, మౌస్ అక్కర్లేదు. అంకెలు వరస ప్రకారమే వస్తాయి కాబట్టి, తర్వాత బటన్లను అటూ ఇటూ జరిపితే అలవాటైన అంకె ఇంకో పని చేస్తుంది!

పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంటే ఇంత శ్రమ వద్దు. అక్కడ ఇదే పేజీలో కింద 'ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్' ద్వారా ఫైల్ తీసి, ఇక్కడ ఇంపోర్ట్ చేయండి. అయితే ఇక్కడ అప్పటికే చేసుకున్న మార్పులన్నీ, రిబ్బన్‌వి సహా, చెరిగిపోతాయి. అందుకే ముందు ఇంపోర్ట్, ఆ తర్వాతే కొత్త బటన్లు.

ప్రశ్న: బటన్లు పెట్టుకున్నాను. ఇంకో ఫైల్ తెరిస్తే కనిపించడం లేదు. ఎందుకు?

జవాబు: ఆ పేజీలోనే కుడివైపు పైన ఒక పెట్టె ఉంటుంది. అందులో 'ఫర్ ఆల్ డాక్యుమెంట్స్' బదులు ఆ ఫైల్ పేరు ఎంచుకుని ఉంటారు. అప్పుడు బటన్లు ఆ ఫైల్‌కే అతుక్కుంటాయి. పెట్టెను మార్చి మళ్లీ యాడ్ చేయండి. వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ లిబ్రే ఆఫీస్ రైటర్‌లోనూ ఇదే తిరకాసు: టూల్స్, కస్టమైజ్, టూల్‌బార్స్‌లో 'స్కోప్' దగ్గర ఫైల్ పేరు కాకుండా 'లిబ్రే ఆఫీస్ రైటర్' ఉండాలి.