ఆయన్ని ఎలా తలుచుకోవాలని అడిగావు కదా

తమ్ముడూ,

నీ మెసేజ్ చదివాను. మన గే పిల్లలకి ఇన్నేళ్లూ కౌన్సెలర్‌గా ఉండి పోయిన ఆయనకి వచ్చే ఆదివారం సంస్మరణ సభ పెడుతున్నాం, ఎలా చేస్తే బాగుంటుందో చెప్పన్నా అన్నావు. మనవాళ్లని చాలామందిని సాగనంపినవాణ్ణి కాబట్టి తెలిసింది రాస్తున్నాను, నువ్వొక్కడివే కాకుండా అందరూ కూర్చుని చదవండి.

అన్నిటికంటే ముందు ఆయన ఫోన్ సంగతి చూడు. సభ, ఫోటో, దండ తర్వాత. ఆయన పోయాడని తెలియనివాళ్లు ఆ నంబర్‌కి ఇంకా చేస్తూనే ఉంటారు. ఇంట్లో అందరూ పడుకున్నాక మేడ మీదకెళ్లి గొంతు తగ్గించుకుని మాట్లాడే పిల్లలు వాళ్లు. అవతల ఏ బావమరిదో ఎత్తి "ఎవరు నువ్వు, ఆయనతో నీకేం పని" అని గద్దిస్తే ఆ పిల్లాడు మళ్లీ జన్మలో ఎవరికీ ఫోన్ చేయడు. ఆయన అక్కకి అన్నీ తెలుసు కదా, ఆవిడతో మెల్లగా మాట్లాడి, ఆ నంబర్‌కొచ్చే కాల్స్ మీలో కౌన్సెలింగ్ నేర్చుకున్న ఒకరి నంబర్‌కి మళ్లించమని అడుగు. ఒప్పుకోకపోతే గొడవ పడొద్దు, కొన్నాళ్లు స్విచాఫ్ చేసి ఉంచమని బతిమాలు. రాత్రిపూట ఎత్తేవాళ్లు మీలో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఆ నంబర్ అందరికీ పంపు.

తర్వాత ఆయన నోట్‌బుక్కులు. బీరువాలో కింది అరలో ఉన్నాయన్నావు. వాటిని తెరవకు. ప్రేమతో కూడా తెరవకు, ఆయన చేతిరాత చూసుకుందామని కూడా తెరవకు. వాటిలో ఉన్నవి ఆయన సంగతులు కావు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న మగాళ్లు, హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలిన రోజు ఆయన ముందు కూలబడినవాళ్లు, వాళ్ల సంగతులు. మానసిక ఆరోగ్య చట్టం, హెచ్‌ఐవీ చట్టం రెండూ 2017లో వచ్చాయి, రెండిట్లోనూ ఈ గోప్యత గురించి గట్టిగానే రాసి ఉంది. కానీ ఆ చట్టాలు లేనప్పటి నుంచే ఆయన ఆ మాట నిలబెట్టుకుంటూ వచ్చాడు. ప్రాజెక్టుకి సంబంధించిన రిజిస్టర్లయితే కవర్లో పెట్టి సీల్ వేసి ఆఫీసుకి అప్పజెప్పు, సొంత నోట్‌బుక్కులైతే కట్టకట్టి ఆయనతో పనిచేసిన ఇంకో కౌన్సెలర్ చేతిలో పెట్టు.

సభలో కూడా ఇదే మాట. "నాకు ఫలానా సాయం చేశాడు" అని ఎవరి కథ వాళ్లు చెప్పుకోవచ్చు. "ఫలానా అబ్బాయి రైలు కింద పడబోతే ఈయన కాపాడాడు" అని పక్కవాడి కథ ఎత్తుకోకూడదు, పేరు చెప్పకపోయినా సరే, ఊరు, ఉద్యోగం చెబితే ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఫోటోలు వద్దు, లైవ్ అసలే వద్దు. ఫ్లెక్సీ వేయిద్దామని ఎవరో అన్నారట, సెంటర్లో ఆయన బొమ్మ, దాని కింద గుండ్రాల్లో మీ అందరి మొహాలూ! వద్దు. ఆయన అమ్మగారు ఇంకా బతికే ఉన్నారు, ఆవిడకి ఎంత తెలుసో మనకి తెలియదు. పెద్దకర్మకి స్నేహితుల్లా వెళ్లండి, నాలుగు విస్తళ్లు వేయండి, వడ్డించండి, వచ్చేయండి. మన సభ మన ఆఫీసులో మనం పెట్టుకుందాం.

"ఏమైంది, దేనితో పోయాడు" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు వస్తారు. ఏం అడుగుతున్నారో నీకూ తెలుసు. గుండెపోటే, నిజమే. కానీ ఆవేశంలో "అలాంటి జబ్బేం లేదు, క్లీన్‌గా పోయాడు" అనకు. ఆయన తన బండి మీద కూర్చోబెట్టుకుని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి తీసుకెళ్లినవాళ్లు ఆ వరసలోనే కూర్చుని ఉంటారు. గుండెపోటు అని చెప్పి ఊరుకో.

ఇక ఆయనతో పదిహేనేళ్లు కలిసున్న మనిషి. చుట్టాల లెక్కలో రూమ్మేట్. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టాలా, వెనక కూర్చుంటాడా, మాట్లాడతాడా అన్నది ఆయన్నే అడుగు, నువ్వు తేల్చకు. మన సంబంధాల్ని నేరం అన్న సెక్షన్ 377 నుంచి 2018లో బయటపడ్డాం గానీ 2023 అక్టోబరులో మన పెళ్లిళ్ల విషయంలో సుప్రీంకోర్టు కాదంది. 2024 ఆగస్టులో కేంద్రం జాయింట్ అకౌంట్ తెరవొచ్చు, తోడున్నవాళ్లని నామినీగా పెట్టుకోవచ్చు అని స్పష్టం చేసింది, దగ్గరి బంధువులు లేనప్పుడు తోడున్నవాళ్లు దేహాన్ని తీసుకోవచ్చని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి రాసింది. బంధువులు ఉంటే మాత్రం మాట వాళ్లదే. అందుకే బ్యాంకులో నామినీ ఎవరున్నారో, ఇంటి అడ్వాన్స్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి పక్కన కూర్చుని చూడు, కర్మలు అయ్యేదాకా ఎవరితోనూ తగువు పెట్టుకోనివ్వకు. మీరంతా కూడా వీలునామా రాసుకోండిరా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చూస్తుండగా మీరు సంతకం పెట్టి, మీ ఎదుట వాళ్లూ సంతకం పెడితే చాలు. ముప్పై ఏళ్లకే ఎందుకు అనుకోకండి.

సభలో ఏం మాట్లాడాలని అడిగావు. దేవుడు, మహానుభావుడు అని మొదలుపెడితే ఆయన కనపడకుండా పోతాడు. ఆయన ఎలా పనిచేసేవాడో చెప్పు. కుర్చీలు ఎదురెదురుగా వేసేవాడు కాదు, కాస్త పక్కకి తిప్పి వేసేవాడు, వచ్చినవాడు కళ్లు తప్పించుకోవాలనుకుంటే కిటికీ వైపు చూసుకోవచ్చని. "ఇంట్లో చెప్పేస్తాను" అని ఎవడైనా ఉత్సాహంగా వస్తే శభాష్ అనేవాడు కాదు. "బయటికి గెంటేస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకుంటావు, సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి, చేతిలో డబ్బెంత ఉంది" అని అడిగేవాడు. వీటికి జవాబు దొరికాకే ఇంట్లో చెప్పే మాట ఎత్తేవాడు. కొత్తగా కౌన్సెలింగ్‌కి వచ్చే పిల్లలు ఇది రాసుకోవాలి. ఆయన కోప్పడేవాడనీ, మీటింగులకి ఆలస్యంగా వచ్చేవాడనీ కూడా చెప్పండి, ఏం ఫర్వాలేదు.

ఆయన పేరు మీద అవార్డు పెడదామన్న ఆలోచన నాకంత నచ్చలేదు. పోయినవాళ్ల పని ఆగకపోవడమే ముఖ్యం. ఢిల్లీలో సిద్ధార్థ్ గౌతమ్ అనే కుర్ర లాయర్ ఉండేవాడు, ఎయిడ్స్ వివక్ష మీద పోరాడిన ఏబీవీఏ (ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్) అనే సంస్థలో పనిచేశాడు, స్వలింగ సంపర్కుల స్థితి మీద 1991లో ఆ సంస్థ తెచ్చిన నివేదికలో అతని చేయి ఉంది, 1992 మొదట్లోనే క్యాన్సర్‌తో పోయాడు, ముప్పై కూడా నిండలేదు. తోటివాళ్లు ఊరుకోలేదు, 1994లో 377 మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. ఆ కేసు నిలవలేదు, కానీ దారి పడింది. శివానంద ఖాన్ అనే ఆయన లండన్‌లో హెచ్‌ఐవీ మీద పనిచేసే నాజ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టి, తర్వాత లక్నో నుంచి పనిచేశారు, అక్కడ 2001లో పోలీసులు హెచ్‌ఐవీ కార్యకర్తల్ని జైల్లో పెట్టినా ఆ పని ఆగలేదు. ఆయన 2013 మేలో పోయారు, అదే డిసెంబరులో సుప్రీంకోర్టు 377ని మళ్లీ తెచ్చి నెత్తిన పెట్టింది. అయినా పని చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు.

కాబట్టి పోగైన డబ్బుతో షీల్డులు కొనకు. బుధ, శనివారాలు ఆయన కూర్చునే గది అద్దె వచ్చే ఆరు నెలలకి కట్టేయండి, మీలో ఇద్దరికి సరైన ట్రైనింగ్ ఇప్పించండి. సభకి టీ, సమోసా చాలు. నేను మధ్యాహ్నం బండికి వస్తాను, మాట్లాడమంటే ఐదు నిమిషాలు మాట్లాడతాను, నా ముందు కొత్త పిల్లల్ని మాట్లాడనివ్వు.

మీ అన్న