పోలీస్ స్టేషన్‌లోనే కూర్చుని ఫిర్యాదుదారులను ఇంటర్వ్యూ చేయొచ్చా?

గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నారు, పోలీసులు ఫిర్యాదుదారులతో ఎలా నడుచుకుంటారన్నది మీ అంశం. ఎస్పీ ఆఫీసు నుంచి అనుమతి లెటర్ వచ్చింది, ఇక స్టేషన్‌లో కూర్చుని వచ్చినవాళ్ల చేత సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకుంటే సరిపోతుందా అని అడిగారు. నేనూ సరిగ్గా ఇలాగే మొదలుపెట్టానండీ. మూడు వారాల్లో చేసిన 22 ఇంటర్వ్యూలు పక్కన పడేయాల్సి వచ్చింది.

నాది సోషియాలజీ. 2016-19 మధ్య విజయవాడ, గుంటూరుల్లో తిరిగాను. స్టేషన్‌లో పెటిషన్ ఇచ్చినా కేసు నమోదు కానివాళ్ల సంగతి నా అంశం. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనబడితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరులోనే చెప్పింది. భార్యాభర్తల గొడవలు, డబ్బు లావాదేవీల్లాంటి కొన్నిట్లో మాత్రం ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చంది. మరి స్టేషన్‌కి వెళ్తేనేమో "పెద్దమనుషుల్ని తీసుకుని రేపు రండమ్మా" అంటారు. ఆ తీర్పుకీ ఈ మాటకీ నడుమ ఏం జరుగుతోందో చూద్దామని బయల్దేరాను.

లెటర్ చూడగానే సీఐ గారు రైటర్ (స్టేషన్ రికార్డులు రాసే కానిస్టేబుల్) పక్కన కుర్చీ వేయించారు. టీ కూడా ఇప్పించారు. వచ్చినవాళ్లకి "మన సారే, అడిగింది చెప్పండి" అని పరిచయం చేశారు. ఆ "మన" అన్న మాటతోనే నా పరిశోధన చెడింది. నాకది తెలియడానికి మూడు వారాలు పట్టింది.

మరిదితో స్థలం గొడవ పడి, దెబ్బలు తిని ఒకావిడ వచ్చింది. పత్రం ఇవ్వగానే చదవకుండా సంతకం చేసింది. ఎలా చూశారమ్మా అంటే "బాగానే చూశారు బాబూ" అంది. వారం తర్వాత అరండల్‌పేటలో టీ కొట్టు దగ్గర తనే గుర్తుపట్టి ఆపింది. "బాబూ, ఆ రోజు కాయితం రాసుకున్నావు గదా, కేసు కట్టినట్టేనా?" అని అడిగింది. అప్పటిదాకా ఆవిడ లెక్కలో నేను స్టేషన్ మనిషిని. నా సమ్మతి పత్రం ఆవిడ పెట్టుకున్న రెండో పెటిషన్. టీ తాగుతూ అరగంట మాట్లాడింది. స్టేషన్‌లో చెప్పినదానికీ అక్కడ చెప్పినదానికీ పొంతనే లేదు.

పైనుంచి వచ్చిన లెటర్ మీకు స్టేషన్ గేటు దాటే వీలు మాత్రం ఇస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి తరఫున ఒప్పుకునే హక్కు ఎస్పీకి గానీ సీఐకి గానీ లేదు. కేసు కట్టించుకోవాలని వచ్చిన మనిషి లాఠీ కనబడే చోట, రైటర్ వింటుండగా "నేను మాట్లాడను" అని ఎలా అనగలుగుతుంది? కాబట్టి స్టేషన్‌లో కూర్చోండి, చూడండి, రాసుకోండి. ఇంటర్వ్యూ మాత్రం బయట, మరో రోజు, వాళ్లకు వీలైన చోట పెట్టుకోండి. వాళ్ల నంబరు మీరు అడగొద్దు, మీ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి. నాకు పదిమందికిస్తే ముగ్గురే ఫోన్ చేశారు. ఆ ముగ్గురి మాటలు ముందటి ఇరవై రెండుమంది మాటలకన్నా ఎక్కువ పనికొచ్చాయి.

ఇక సంతకం గొడవ. పరిశోధన పద్ధతిగా జరుగుతోందా అని చూసే మా ఎథిక్స్ కమిటీ సమ్మతి పత్రానికి ఇంగ్లిష్ నమూనా ఇచ్చి తెలుగు చేయమంది. నేను "పాల్గొనుట నుండి ఏ దశలోనైనను ఉపసంహరించుకొనవచ్చును" అని రాశాను. ఒక పెద్దాయన అది విని లేచి నిలబడ్డాడు. "అంటే కేసు విత్‌డ్రా చేసుకోమనేనా సార్, అవతలివాళ్లు పంపించారా మిమ్మల్ని?" అన్నాడు. ఆయన తప్పేముంది, స్టేషన్ దగ్గర ఉపసంహరణంటే అదే మరి. ఆ తర్వాత "ఇష్టం లేకపోతే మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు, మీ కేసుకి దీనికి సంబంధం లేదు, నా వల్ల మీ కేసుకి సాయమూ జరగదు" అని మార్చాను. చివరి ముక్క చెప్పాక కొంతమంది నిజంగానే లేచి వెళ్లిపోయారు. సంతకం కూడా మానేసి, కమిటీని ఒప్పించి నోటిమాట సమ్మతి తీసుకున్నాను. సంతకమంటే పేరు, పేరున్న కాగితం ఎప్పటికైనా ఎవరి చేతికైనా చిక్కుతుంది.

ఇది ఉత్త భయం కాదు. వకీలుకీ కక్షిదారుకీ మధ్య మాటలకు మన సాక్ష్య చట్టం రక్షణ ఇస్తుంది, పరిశోధకుడితో చెప్పిన మాటలకు అలాంటిది లేదు. పైగా హత్య, దోపిడీ లాంటి కొన్ని నేరాల సంగతి తెలిస్తే ఎవరైనా సరే తెలియజేయాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టంలో 33వ సెక్షన్ అంటోంది. పిల్లలపై లైంగిక నేరమైతే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద అదే నేరం. కాబట్టి "మీరు చెప్పినవన్నీ రహస్యంగా ఉంటాయి" అని మాటివ్వకండి. ఏ సంగతి దాచలేరో ఇంటర్వ్యూకి ముందే చెప్పేయండి.

కానిస్టేబుళ్ల సమ్మతి సంగతి ఇంకా తమాషా. ఎస్‌ఐ గారు నలుగురిని పిలిచి వరసగా కూర్చోబెట్టారు. "ఇదీ ఒక డ్యూటీయే కదా సార్ మాకు" అన్నాడొకతను నవ్వుతూ. నేను నవ్వలేకపోయాను. కామన్ కాజ్, లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ అనే సంస్థలు కలిసి 21 రాష్ట్రాల పోలీసులను అడిగి 2019లో తెచ్చిన నివేదికలో సగటు పనివేళలు రోజుకు 14 గంటలని తేలింది. అందులోంచి గంట మనకి ఇమ్మని అడుగుతున్నాం, అదీ పై అధికారి నోటితో. వాళ్లను సెలవు రోజున, విడిగా కలవండి. రాసేటప్పుడు హోదా, మగా ఆడా, స్టేషన్ మూడూ ఒకే వాక్యంలో పెట్టకండి. పేరు తీసేసినా "ఫలానా పట్టణంలో మహిళా ఎస్‌ఐ" అంటే డిపార్ట్‌మెంట్ మొత్తానికి తెలిసిపోతుంది.

మీరు అడగనిది ఒకటి చెప్తాను. సెల్‌ఫోన్ దొంగతనం అనుమానం మీద తెచ్చిన కుర్రాణ్ని ఒక సాయంత్రం నా ఎదుటే చెంప మీద కొట్టారు. నేను నోరెత్తలేదు. టైము మాత్రం రాసుకున్నాను. మర్నాడు ఎస్‌ఐ గారిని అడిగితే "ఇది కూడా రాస్తారా సార్?" అన్నారు. రాస్తానన్నాను. ఆ తర్వాత నా కుర్చీ వరండాలోకి వెళ్లింది. అప్పటికప్పుడే లేచి ఆపమని అనాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అలాంటిది కనబడితే ఏం చేస్తారో ఇంట్లో కూర్చున్నప్పుడే తేల్చుకుని, ఆ ముక్క కమిటీకిచ్చే పత్రంలో రాయండి. అక్కడికి వెళ్లాక ఆలోచించే వ్యవధి ఉండదు.

అంకెల విషయం క్లుప్తంగా. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్కల్లో ఉండేది కట్టిన కేసులు. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. గుంటూరు అంకెలను ఏడాదికేడాది పోల్చేటప్పుడు మరీ జాగ్రత్త. నేను తిరిగినప్పుడు అర్బన్, రూరల్ అని రెండు పోలీసు జిల్లాలుండేవి, 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల విడిపోయాక గుంటూరు అంటే వేరే హద్దులు. పోలీసులు వెబ్‌సైట్‌లో పెట్టే ఎఫ్‌ఐఆర్‌లు సుప్రీంకోర్టు 2016 తీర్పు పుణ్యమా అని దొరుకుతాయి గానీ, లైంగిక నేరాల్లాంటి సున్నితమైనవి అందులో ఉండవు. పెటిషన్లు ఎన్ని వచ్చాయి, కేసులు ఎన్ని కట్టారని నేను పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే, ఆ రూపంలో లెక్క నిర్వహించడం లేదని జవాబొచ్చింది. ఆ జవాబునే థీసిస్‌లో ఒక పేజీ చేశాను.

సోమవారాలు మాత్రం ఎస్పీ ఆఫీసు దగ్గర ఇంటర్వ్యూలకు ప్రయత్నించకండి. గ్రీవెన్స్ రోజు, చేతిలో కాగితాలు పట్టుకుని నిలబడ్డ ప్రతి మనిషినీ జనం అధికారే అనుకుంటారు.