సమాధానం: ఫిబ్రవరిలో జపాన్‌లోని తొహొకు ప్రయాణం, కారు మాట మర్చిపోండి

ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో జపాన్ ఈశాన్యంలోని తొహొకు ప్రాంతంలో ఉన్న యమగాత వెళ్తున్నాం, కారు అద్దెకు తీసుకోవాలా, శాకాహారం దొరుకుతుందా అని అడిగారు కదా.

కారు వద్దండీ. మన అంతర్జాతీయ లైసెన్సు అక్కడ చెల్లుతుంది, కానీ గాలికి మంచు లేచిందంటే ముందు బండి కూడా కనపడదు. టోక్యోలో యమగాత షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కితే మూడు గంటల పైచిలుకులో ఓఇషిదలో దిగుతారు. అక్కణ్ణుంచి వేడినీటి బుగ్గల ఊరు గింజాన్ ఒన్సెన్‌కి బస్సు ఉంది. ముందే చెబితే చాలా బసల వాళ్లు స్టేషన్‌కే వ్యాన్ పంపుతారు. పెద్ద సూట్‌కేసులు మోయకండి, ‘తక్యూబిన్’ అనే కొరియర్‌లో ముందురోజే పంపించేయండి.

అసలు చిక్కు తిండితోనే. గిన్నెలో చేపముక్క కనపడకపోయినా మిసో సూప్‌ని సాధారణంగా ఎండుచేప మరిగించిన ‘దాషి’తోనే చేస్తారు. అందుకే బుక్ చేసేటప్పుడే మాంసం, చేపలతో పాటు చేప దాషి కూడా వద్దని జపనీస్‌లో రాసి పంపండి. అక్కడికెళ్లాక చెబితే పాపం వాళ్లూ ఏమీ చేయలేరు. నన్నడిగితే ఒక రాత్రి త్సురువోక దగ్గర హగురో కొండ కింద యాత్రికుల బసలో ఉండండి. అక్కడ ‘షోజిన్ ర్యోరి’ అనే బౌద్ధ సన్యాసుల శాకాహారం వడ్డిస్తారు, అదీ ముందే చెప్పాలి. కొండకున్న 2446 రాతి మెట్లు మాత్రం చలికాలంలో పెద్దవాళ్లతో ఎక్కించకండి.

బూట్లు నీళ్లు దూరనివి కొనండి. కొన్ని ఊళ్లలో మంచు కరగడానికి రోడ్డు మధ్య చిన్న చిల్లుల్లోంచి భూగర్భజలం చిమ్ముతూ ఉంటుంది, మామూలు షూలు క్షణాల్లో తడిసిపోతాయి. చూరుల కింద అస్సలు నడవనివ్వకండి, పైకప్పు మంచు ఒక్కసారిగా జారి పడుతుంది.