వినేకొద్దీ పెరిగే బిల్లు వద్దు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్లౌజులు కుట్టి, మగ్గం వర్క్ చేసే చిన్న షాపు నడుపుతున్నాను. పొద్దున షాపు తీసినప్పటి నుంచి రాత్రి ఎనిమిది దాకా చేతులకు ఖాళీ ఉండదు, చెవులు మాత్రం ఖాళీయే. ప్రవచనాలు, డాక్టర్ల ఇంటర్వ్యూలు, పాడ్‌కాస్ట్‌లు, క్రైమ్ కథలు కలిపి రోజుకు ఏడు గంటలు వింటాను. యూట్యూబ్ ప్రీమియంకు నెలకు 149, ఒక మ్యూజిక్ యాప్‌కు 139 కడుతున్నాను. ఇంకో కథల యాప్‌లో ఎపిసోడ్లు తెరవడానికి కాయిన్లు కొంటుంటే దానికి 500 దాకా అవుతోంది. మొబైల్ డేటా సాయంత్రానికే అయిపోయి మళ్లీ ప్యాక్ వేసుకోవాల్సి వస్తోంది. మా ఆయన అన్నీ తీసేసి ఆ డబ్బుతో చిట్టీ వెయ్యమంటున్నారు. నాలాగా ఎక్కువ వినేవాళ్లకు ఏ యాప్ మంచిది? ఏడాదికి ఒకేసారి కడితే లాభమా?

జవాబు: డేటా ప్యాక్‌లు వదిలేసినా మీ ఖర్చు నెలకు 788 రూపాయలు. ఏడాదికి 9,456. మీ వారు కంగారు పడటంలో తప్పు లేదు. కానీ అన్నీ తీసేయమనడం మాత్రం నాకు సరైన సలహా అనిపించడం లేదు. ఈ మూడు ఖర్చులూ ఒక జాతివి కావు. ఒకటి ఉండాలి, ఒకటి రెండోసారి కడుతున్నది, ఒకటి ఆపాలి.

గంటకు ఎంత పడుతోందో చూద్దాం. నెలకు 26 రోజులు షాపు తెరుస్తారనుకుంటే, ఏడు గంటల చొప్పున 182 గంటలు వింటున్నారు. అందులో కాయిన్ల కథలు రోజుకు రెండు గంటలు అనుకుందాం. నెలకు 52 గంటలు, ఖర్చు 500. అంటే గంటకు దాదాపు 9 రూపాయల 60 పైసలు. మిగతా 130 గంటల్లో ఎక్కువ భాగం యూట్యూబే అయితే, 149ని వాటికి పంచితే గంటకు రూపాయి చిల్లర. రెండూ ఫోనులోనే, ఒకే చెవిలోనే. ధర మాత్రం ఎనిమిది రెట్లు తేడా.

కాయిన్ల పద్ధతి చెడ్డదని నేను అనడం లేదు. వారానికి ఒక ఎపిసోడ్ వినేవాళ్లకు అదే చవక. వినని నెలలో పైసా కట్టక్కర్లేదు. మీ విషయంలో అది తిరగబడుతుంది. ఎంత ఎక్కువ వింటే అంత ఎక్కువ కట్టాలి, పై హద్దు లేదు. పైగా సీరియల్ కథ సరిగ్గా తలుపు తట్టిన చోట ఆగుతుంది, చేతిలో సూది, పక్కనే ఫోను, కొనడానికి ఒక్క వేలిముద్ర చాలు. ఆ క్షణంలో ఎవరూ లెక్క వెయ్యరు. రోజూ గంటల తరబడి వినేవాళ్లు ముందు చూడాల్సింది యాప్ పేరు కాదు, డబ్బు తీసుకునే పద్ధతి. ఉచితమైనా ఉండాలి, నెలకు ఇంత అని ఒక్క ధరైనా ఉండాలి.

ఇక 139 సంగతి. యూట్యూబ్ ప్రీమియం కట్టేవాళ్లకు యూట్యూబ్ మ్యూజిక్ ప్రీమియం అందులోనే కలిసి వస్తుంది, విడిగా కట్టక్కర్లేదు. పాటలు అక్కడ యాడ్స్ లేకుండా వస్తాయి. కాబట్టి ఇంకో మ్యూజిక్ యాప్‌కు కట్టేది ఒకే పనికి రెండోసారి కట్టడమే. ఒకవేళ పాడ్‌కాస్ట్‌ల మధ్య యాడ్స్ పోతాయని దాన్ని తీసుకుని ఉంటే, ఆ ఆశ కూడా పెట్టుకోకండి. ఉదాహరణకు స్పాటిఫై ప్రీమియం తీసుకుంటే పాటల మధ్య యాడ్స్ పోతాయి. పాడ్‌కాస్ట్ చేసేవాళ్లు తమ గొంతుతో చదివే ప్రకటనలు ఎపిసోడ్‌లోనే ఉంటాయి, అవి ఎక్కడికీ పోవు.

పాడ్‌కాస్ట్‌లకు అసలు డబ్బు కట్టాలా అన్నది అసలు ప్రశ్న. చాలావాటికి అక్కర్లేదు. పాడ్‌కాస్ట్ చేసేవాళ్లు ఆడియోను ఒక సర్వర్‌లో పెట్టి, దానికి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే చిరునామా ఇస్తారు. ఏ యాప్ అయినా ఆ చిరునామా చదివి కొత్త ఎపిసోడ్ తెస్తుంది. అదే ఎపిసోడ్, అదే గొంతు, అదే నాణ్యత. యాప్ చేసేది తెచ్చి పెట్టడం, ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకోవడం, వేగం మార్చడం లాంటి పనులే. కొన్ని యాప్‌లు తమ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకని కార్యక్రమాలు పెట్టుకుంటాయి. డబ్బు అడిగేది ఎక్కువగా అక్కడే.

మీది ఆండ్రాయిడ్ ఫోనే అయితే నేను చెప్పేది యాంటెన్నాపాడ్. వాలంటీర్లు కలిసి నడిపే ఓపెన్ సోర్స్ యాప్ ఇది, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. ధర లేదు, యాప్ తన సొంత యాడ్స్ పెట్టదు, అకౌంట్ తెరవమని అడగదు. మీకు పనికొచ్చేవి మూడున్నాయి. రాత్రి ఇంట్లో వైఫైలో కొత్త ఎపిసోడ్లు దానంతట అదే దించుకునేలా పెట్టొచ్చు. విన్నవాటిని అదే తీసేస్తుంది కాబట్టి ఫోను నిండిపోదు. మాటల మధ్య నిశ్శబ్దాన్ని దాటేసే సౌకర్యం కూడా ఉంది. నీళ్లు నమిలినట్టు మాట్లాడే కొన్ని ఇంటర్వ్యూలకు ఇది వరమే.

పాకెట్ కాస్ట్స్ కూడా మంచిదే. చూడటానికి ఇంకా నీటుగా ఉంటుంది, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది. దానికి డబ్బు కట్టే ప్లస్ స్థాయి ఒకటి ఉంది, మీకు అవసరం లేదు. ఫోనులో సగం విని మిగతా సగం ఇంకో పరికరంలో అందుకోవాలనుకుంటే ఇదే మేలు. షాపులో ఒకే ఫోనులో వినే మీకు ఆ గొడవ లేదు. యాపిల్ పాడ్‌కాస్ట్స్, ఓవర్‌కాస్ట్ ఐఫోన్ వాళ్లవి, వాటిని వదిలేద్దాం.

ఇవాళ రాత్రి ఒక చిన్న పని చేయండి. మీరు రోజూ వినే పది కార్యక్రమాల పేర్లు కాగితం మీద రాసి, ఒక్కొక్కటీ యాంటెన్నాపాడ్‌లో వెతకండి. దొరికినవన్నీ అక్కడికి మార్చేయండి. తెలుగులో ప్రవచనాలు, ఇంటర్వ్యూలు చాలావరకు యూట్యూబ్‌లోనే ఉంటాయి కాబట్టి అన్నీ దొరుకుతాయని చెప్పను. దొరకనివి ఎన్ని మిగిలాయన్నదే మీకు ప్రీమియం కావాలా వద్దా తేల్చేది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పాడ్‌కాస్ట్‌గా గుర్తించి పెట్టిన కార్యక్రమాలను యూట్యూబ్ మ్యూజిక్ యాప్‌లో వింటే, ప్రీమియం లేకపోయినా స్క్రీన్ ఆపాక కూడా నడుస్తాయి. యాడ్స్ మాత్రం వస్తాయి. మామూలు వీడియోగా పెట్టిన ప్రవచనాలకు ఈ వెసులుబాటు లేదు. స్క్రీన్ ఆపితే ప్రవచనమూ ఆగుతుంది. మగ్గం మీద పూసలు ఎక్కిస్తున్న చేత్తో పది నిమిషాలకోసారి ఫోను తట్టాలంటే పని చెడుతుంది. మీరు రాసినదాన్ని బట్టి ప్రవచనాలే ఎక్కువ వింటున్నట్టుంది. అలాంటప్పుడు 149 వృథా అని నేను అనను. ఏడు గంటలు విసుగు లేకుండా కూర్చోబెట్టే ఖర్చు అది.

డేటా విషయంలో తప్పు ప్యాక్‌ది కాదు, వీడియోది. మాటల ఆడియో 64 కేబీపీఎస్‌లో (సెకనుకు ఎంత డేటా పోతుందో చెప్పే కొలత ఇది) గంటకు 29 ఎంబీ, 128లో 58 ఎంబీ తింటుంది. ఏడు గంటలూ ఆడియోనే అయితే 200 నుంచి 400 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్‌లో ఇది ఒక మూల. అదే ఫోనును మిషన్‌కు ఆనించి, చూడకుండా వీడియో నడిపిస్తే దానికి ఎన్నో రెట్లు పోతుంది. ప్రీమియం ఉన్నన్నాళ్లు రేపటి ప్రవచనాలను రాత్రే ఇంటి వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోండి, క్వాలిటీ తక్కువ పెట్టుకోండి. అలా చేస్తే అదనపు డేటా ప్యాక్ అవసరం రాకూడదు. అసలు డేటాయే అక్కర్లేని దారి కూడా ఉంది. హైదరాబాద్‌లో 102.8 మీద వివిధ భారతి, 101.9 మీద ఎఫ్‌ఎం రెయిన్‌బో వస్తాయి. ఒక చిన్న రేడియో సెట్టు గోడకు తగిలిస్తే మధ్యాహ్నం పాటల కోటా దానికి అప్పగించవచ్చు. షాపులో హెల్పర్లు ఉంటే వాళ్లూ సంతోషిస్తారు.

ఏడాది ప్లాన్ గురించి అడిగారు. 2024 ఆగస్టులో పెంచిన ధరల ప్రకారం యూట్యూబ్ ప్రీమియం నెలకు 149, ఏడాదికి ఒకేసారి అయితే 1,490. నెలనెలా కడితే 1,788 అవుతుంది కాబట్టి 298 మిగులుతుంది. కట్టే రోజు స్క్రీన్ మీద ఏ ధర కనిపిస్తే అదే లెక్క, ఇవి మారుతుంటాయి. మామూలుగా నేను ఏడాది ప్లాన్లను ప్రోత్సహించను, మూడో నెలకే మోజు తీరిపోయేవాళ్లే ఎక్కువ. మీకు ఇది మోజు కాదు, పనిలో భాగం. అందుకే తీసుకోండి, కానీ ఎప్పుడన్నది చూసుకోండి. మీ ఆదాయం ముహూర్తాల మీద నడిచేది. శ్రావణంలోనో పెళ్లిళ్ల సీజన్‌లోనో చేతిలో డబ్బు ఉన్నప్పుడు 1,490 కట్టేస్తే, మూఢంలో గిరాకీ లేనప్పుడు నెలవారీ కోత ఉండదు. ఇంట్లో మీ అబ్బాయో అమ్మాయో విడిగా 149 కడుతుంటే 299 ఫ్యామిలీ ప్లాన్ ఆలోచించవచ్చు. ఇద్దరికైతే అది 298కి 299, లాభం లేదు. మూడో మనిషి చేరితేనే కలిసొస్తుంది, అందరూ ఒకే ఇంట్లో ఉండాలి.

‘లైఫ్‌టైమ్ మెంబర్‌షిప్’ అని ఏ యాప్ ఊరించినా మాత్రం కట్టకండి. గూగుల్ అంతటి కంపెనీ తన పాడ్‌కాస్ట్ యాప్‌ను 2024లో మూసేసింది. మనం బతికున్నన్నాళ్లు యాప్ బతుకుతుందని హామీ లేదు. నేను చెప్పిన రెండు యాప్‌లలోనూ మీ కార్యక్రమాల జాబితాను ఓపీఎంఎల్ అనే ఫైలుగా బయటికి తీసుకునే వీలుంది. అప్పుడప్పుడు తీసి పెట్టుకుంటే ఇంకో యాప్‌లోకి మారడం రెండు నిమిషాల పని.

ఆపడం ఎలాగో కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. యాప్‌ను ఫోనులోంచి తీసేసినంత మాత్రాన చెల్లింపు ఆగదు. ప్లే స్టోర్ తెరిచి, పైన మీ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి మ్యూజిక్ యాప్‌ను క్యాన్సిల్ చేయండి. అక్కడ కనిపించకపోతే ఆ యాప్ అకౌంట్ పేజీలో చూడండి. తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరవండి. ఎప్పుడో ఎవరో పెట్టిన మాండేట్లు, అంటే డబ్బు దానంతట అదే కట్ అయ్యేలా ఇచ్చిన అనుమతులు, అక్కడ వరుసగా కనిపిస్తాయి, అక్కర్లేనివి రద్దు చేయండి. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం ఇలాంటి ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. కస్టమర్ల కొలతల ఫోటోల మధ్య ఆ మెసేజ్ చూడకుండా వదిలేయకండి.

కాయిన్లు ఆటోపే కాదు, ఎప్పటికప్పుడు కొనేవి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ మార్చండి, వేలిముద్ర వద్దు. కథ మధ్యలో ఉంది, ముగింపు తెలియకపోతే నిద్ర పట్టదంటారా, సరే. నెలకు 100 రూపాయల గూగుల్ ప్లే గిఫ్ట్ కోడ్ ఒకటి కొని, అది అయిపోయాక వచ్చే నెల ఒకటో తారీఖు దాకా ఆగండి.

ఇప్పుడు మీ ఖర్చు యూట్యూబ్‌కు నెల సగటున 124, కథలకు 100, మొత్తం 224. నెలకు 564 మిగులుతోంది. మీ వారు చెప్పిన చిట్టీ సంగతి ఇక్కడ చూద్దాం. ఐదొందల కోసం చిట్టీ అంటే తెలిసినవాళ్ల చేతి చిట్టీయే అవుతుంది. రిజిస్టర్ కానిదాంట్లో పాడినవాళ్లు ఊరు దాటితే అడిగే దిక్కుండదు. దానికన్నా పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) నయం. నెలకు 500 చొప్పున, 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లకు 30,000 కట్టి సుమారు 35,680 తీసుకుంటారు. తెరిచిన రోజు ఉన్న వడ్డీయే చివరిదాకా ఉంటుంది.

సీజన్ ఆదాయం వాళ్లకు ఆర్‌డీలో ఒక సౌకర్యం ఉంది, చాలామంది వాడుకోరు. ఆరు నెలల వాయిదాలు ముందే కడితే ప్రతి వంద రూపాయల వాయిదాకు 10 రూపాయలు, పన్నెండు నెలలవి కడితే 40 రూపాయలు తగ్గింపు ఇస్తారు. మీ 500కు ఏడాదిది ఒకేసారి కడితే 200 మిగులుతుంది. నెలలు తప్పితే వందకు రూపాయి చొప్పున జరిమానా ఉంటుంది కాబట్టి, గిరాకీ లేని నెలల వాయిదాలు సీజన్‌లోనే కట్టేయండి. ఖాతా మీ పేరు మీదే తెరవండి, నామినీ పేరు రాయడం మర్చిపోకండి.